కుక్కల వెనక గుర్రాల మీద: టెనెసీ నుంచి జార్జియా దాకా

శనివారం

టెనెసీలో మేముండే కోలియర్‌విల్ నుంచి హైవే 57 పట్టుకుని తూర్పుకి పోతే రాస్‌విల్, మాస్కో, లగ్రాంజ్, ఆ తర్వాత గ్రాండ్ జంక్షన్. మామూలు రోజుల్లో ఈ రోడ్డు మీద పత్తి చేలు, చర్చీలు తప్ప చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. ఫిబ్రవరి రెండో వారం దగ్గరపడితే మాత్రం ఎక్కడెక్కడి నంబర్ ప్లేట్లో వేసుకున్న పికప్ ట్రక్కులు గుర్రాల ట్రైలర్లని లాక్కుంటూ వరసగా పోతుంటాయి. అన్నీ పోయేది ఒకే చోటికి. గ్రాండ్ జంక్షన్ పక్కనున్న ఏమ్స్ ప్లాంటేషన్‌లో బర్డ్ డాగ్స్ నేషనల్ చాంపియన్‌షిప్ జరుగుతుంది, అంటే కౌజు పిట్టల్ని వాసనతో పసిగట్టి, వాటి ముందు బొమ్మలా నిలబడిపోయే కుక్కల పోటీ.

మా బావమరిది నాష్‌విల్ నుంచి శుక్రవారం రాత్రే దిగాడు. వాడిది నరసరావుపేట, సంక్రాంతికి ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలు చూస్తూ పెరిగినవాడు కాబట్టి పశువుల పోటీ అంటే చాలు, ఎక్కడికైనా వస్తాడు. దారిలో వాడడిగిన మొదటి ప్రశ్న, "పోటీ కుక్కలకైతే మనం గుర్రాలెందుకు ఎక్కాలి బావా?" అని. న్యాయమైన ప్రశ్నే. ఈ కుక్కలు మనిషి పక్కన నడిచేవి కావు. వదలగానే అర మైలు ముందుకి పోయి, పొదల అంచులు వెతుక్కుంటూ, మళ్ళీ ఎక్కడో ఒకచోట ముందు తేలతాయి. ఒక్కో జత పరుగెత్తేది మూడు గంటలు. కాలినడకన వాటిని అందుకోవడం కుదరని పని, వాగులూ బురదా దాటి జీపు పోలేదు, పోయినా ఆ చప్పుడుకి పిట్టలుండవు. అందుకే జడ్జీలు, కుక్కని నడిపించే హ్యాండ్లర్, అతనికి సాయంగా ఉండే స్కౌట్, వెనక చూడటానికొచ్చే జనం, అందరూ గుర్రాల మీదే. కుక్కపిల్లలూ కాకలు తీరిన కుక్కలూ పోటీపడే ఇలాంటి చిన్న చిన్న పోటీలు, ఫీల్డ్ ట్రయల్స్ అంటారు, దేశమంతా బోలెడు, వాటిలో చాలా వరకు అర గంటవో గంటవో ఉంటాయి. మూడు గంటలు ఆపకుండా పరుగెత్తించి చూసేది ఇక్కడ.

గ్రాండ్ జంక్షన్ అనే పేరు రెండు రైల్వే లైన్లు ఇక్కడ కలిసినందుకు వచ్చింది. ఊరు చూస్తే మూడు నాలుగు వందల జనాభా. అంత ఊరికి నేషనల్ బర్డ్ డాగ్ మ్యూజియం అని ఒకటుంది, 1991లో తెరిచారు. లోపల పెయింటింగులు, సగ్గుబియ్యం గింజంత అక్షరాలతో కుక్కల వంశవృక్షాలు, హాల్ ఆఫ్ ఫేమ్‌లో మనుషులూ కుక్కలూ సమానంగా గోడకెక్కి ఉంటారు. ఈ పోటీ 1896లో మిసిసిపీ రాష్ట్రం వెస్ట్ పాయింట్‌లో మొదలైంది, 1900లో గ్రాండ్ జంక్షన్ వైపు వచ్చింది, 1915 నుంచి ఏమ్స్ ఎస్టేట్‌లోనే జరుగుతోంది. మొట్టమొదటిసారి గెలిచింది కౌంట్ గ్లాడ్‌స్టోన్ ఫోర్ అనే సెట్టర్, అంటే పొడవు బొచ్చు జాతి కుక్క. మొదట్లో కొన్నేళ్ళు సెట్టర్లే గెలిచినా రానురాను రాజ్యమంతా పొట్టి బొచ్చు పాయింటర్లదే అయింది. 1970లో జానీ క్రాకెట్ అనే సెట్టర్ గెలిచాక మళ్ళీ ఆ జాతి పేరు వినపడటానికి 2013 దాకా పట్టింది. ఆ ఏడూ, ఆ తర్వాతి ఏడూ వరసగా షాడో ఓక్ బో గెలిచింది. అక్కడున్న పెద్దాయన ఒకాయన ఈ సంగతి చెబుతూ నిజంగానే కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన సెట్టర్ల మనిషి అని వేరే చెప్పక్కర్లేదు.

ఆదివారం

రోజంతా గుర్రాలతోనే గడిచింది. నేను స్వారీ నేర్చుకున్న ఫామ్ ఓనరమ్మ ఏటా ఇక్కడికి వస్తుంది, అరవై దాటిన మనిషి, చేతులు చూస్తే మన ఊళ్ళో గేదెల పాలు పితికే ఆడవాళ్ళ చేతుల్లా ఉంటాయి. నాకు తన టెనెసీ వాకర్ జాతి ఆడగుర్రం ఇచ్చింది, పేరు రూబీ. రెండో వాకర్‌కి కాలు కొద్దిగా నొప్పిగా ఉందని మా వాడికి క్వార్టర్ హార్స్ అనే వేరే జాతి గుర్రం ఇచ్చింది. పేరు బక్, నెమ్మదస్తుడు, అందగాడు, కండలు చూస్తే సినిమా హీరోలా ఉన్నాడు. మా వాడు మురిసిపోయాడు. ఓనరమ్మ ఏమీ అనలేదు గానీ నా వైపు చూసి కొంచెం నవ్వింది.

మామూలు గుర్రం వేగంగా పోవాలంటే ట్రాట్ చేస్తుంది. ముందు కుడికాలు, వెనక ఎడమకాలు ఒకేసారి లేస్తాయి, తర్వాత ఆ రెండో జత. అంటే రెండే దెబ్బలు, మధ్యలో గుర్రమంతా గాల్లోకి లేచి పడుతుంది. దాంతోపాటు మనమూ. వాకర్ అలా కాదు. దాని నడకలో నాలుగు కాళ్ళూ నాలుగు వేళల్లో నేలని తాకుతాయి, ఎప్పుడూ ఏదో ఒక కాలు కింద ఉంటుంది కాబట్టి ఎగిరిపడటం అనేది లేదు. ఫ్లాట్ వాక్‌లో గంటకి నాలుగు నుంచి ఎనిమిది మైళ్ళు పోతుంది, రన్నింగ్ వాక్‌లో పది దాటుతుంది, కానీ కాళ్ళు పడే వరస రెండిట్లోనూ అదే. వెనక డెక్క ముందు డెక్క వేసిన ముద్రని దాటి ఒక జానెడో మూరెడో ముందు పడుతుంది. తల ప్రతి అడుగుకీ కిందికీ పైకీ ఊగుతుంది, కొన్ని గుర్రాలకైతే చెవులు కూడా తాళం వేస్తాయి, రూబీ పళ్ళు టకటకమంటాయి. ఆ చప్పుడు విని నేను మొదట్లో దానికేదో జబ్బనుకున్నాను, ఓనరమ్మ మాత్రం అది సుఖంగా, వదులుగా నడుస్తోందనడానికి గుర్తని చెప్పింది.

ఈ జాతి పుట్టుక కథ నాకు భలే ఇష్టం. 1886లో కెంటకీలో పుట్టిన అలన్ అనే నల్లటి మగగుర్రం ఉంది. ట్రాటింగ్ పందేల కోసం పెంచితే అది ట్రాట్ చేయడానికి ఒప్పుకోకుండా దాని నడక అది నడిచేది. పనికిరాదని చేతులు మారీ మారీ చివరికి 1903లో టెనెసీలో జేమ్స్ బ్రాంట్లీ అనే ఆయన దగ్గరికి చేరింది. 1935లో లూయిస్‌బర్గ్‌లో బ్రీడర్ల సంఘం పెట్టినప్పుడు జాతికి మూలపురుషుడిగా మొదటి స్థానం దానికే ఇచ్చారు. పందేలకి పనికిరాదని తోలేసిన గుర్రం సంతానం మీదే ఇప్పుడు ఇంతమంది ఊరేగుతున్నారు. గుర్రాల నడకని నిర్ణయించే జన్యువు ఒకటుందని 2012లో స్వీడన్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు, డీఎంఆర్‌టీ3 అని. అంటే ఈ నడక శిక్షణతో అబ్బేది కాదు, పుట్టుకతో వచ్చేది, శిక్షణ దానికి మెరుగు పెడుతుందంతే. మన మార్వాడీ, కథియవాడీ గుర్రాల్లో రేవాల్ అనే సాఫీ నడక ఉంటుంది, అదీ ఇలాంటిదే. పెళ్ళి ఊరేగింపుల్లో తప్ప గుర్రం చూడని మనవాళ్ళకి ఆ సంగతి తెలిసే అవకాశం తక్కువ.

ఇంకో మాట కూడా చెప్పాలి. టెనెసీ వాకర్ అని ఇంటర్నెట్‌లో వెతికితే ముందు కనిపించేవి షోలలో ముందుకాళ్ళకి ఎత్తైన దిమ్మలు కట్టి, గొలుసులు తగిలించి, కాళ్ళు ఛాతీ దాకా ఎత్తించే గుర్రాల వీడియోలు. అలా ఎత్తడానికి కాళ్ళకి రసాయనాలు రాసి మండించే దుర్మార్గం కూడా జరిగింది, దాన్ని ఆపడానికే 1970లో కేంద్ర చట్టం తెచ్చారు, అయినా గొడవ పూర్తిగా సద్దుమణగలేదు. ఇక్కడ మైదానంలో ఒక్క గుర్రానికీ ఆ వేషం ఉండదు. మామూలు లాడాలు, మామూలు కాళ్ళు, బురద. జాతికి అసలు పరువు నిలబెడుతున్నది ఈ మైదానాలేనని నా అభిప్రాయం, షో వాళ్ళు నన్ను కొట్టినా సరే.

సాయంత్రం కాగితాలు సరిచూసుకున్నాం. ప్రతి గుర్రానికీ కాగిన్స్ రక్తపరీక్ష రిపోర్టు ఉండాలి. ఈగల ద్వారా గుర్రం నుంచి గుర్రానికి పాకే రక్తహీనత జబ్బు ఒకటుంది, అది లేదని రుజువు. ఆ కాగితం లేకపోతే ఎంత దూరం నుంచి వచ్చినా వెనక్కే.

సోమవారం

ఉదయం ఎనిమిదికి మొదటి జత. ఆరున్నరకే జీన్లు బిగించాం. చేతి తొడుగుల్లోంచి చలి లోపలికి దూరిపోతోంది. వందకి పైగా గుర్రాలు ఒక చోట నిలబడితే లేచే ఆవిరి, తోలు వాసన, ఎవడో పంచిన బిస్కెట్లూ సాసేజీ.

ముందు కుక్కలు, వాటి వెనక హ్యాండ్లర్లు, తర్వాత జడ్జీలు, మార్షల్స్, అందరికంటే వెనక మేము. గ్యాలరీ అంటారు మమ్మల్ని. మార్షల్‌ని దాటి ముందుకి పోకూడదు, అరవకూడదు, నీ గుర్రం తంతుందని తెలిస్తే దాని తోకకి ఎర్ర రిబ్బన్ కట్టాలి. కుక్కల్ని వదిలారు. రెండూ పాయింటర్లే, ఒళ్ళంతా తెలుపు, తలలు కాలేయం రంగు. వదిలిన అర నిమిషంలో జొన్న మోడుల పట్టీ పక్కనుంచి గుట్ట ఎక్కేసి మాయమయ్యాయి. హ్యాండ్లర్లు కేకలు మొదలుపెట్టారు, కేకలంటే తిట్లు కాదు, ఒక రకం పాట, సాగదీసి సాగదీసి పాడతారు, అది విని కుక్క తన మనిషి ఎటు పోతున్నాడో తెలుసుకుని, తిరిగి చూడకుండానే ఆ దిశకి ముందు ఉంటుంది. దుక్కి దున్నేటప్పుడు మన రైతు ఎడ్లతో మాట్లాడే తీరు గుర్తొచ్చిందని మా వాడన్నాడు, కాదనలేకపోయాను.

ఇక్కడే గుర్రం నడక విలువ తెలిసింది. గ్యాలరీ ఫ్లాట్ వాక్ వేగంతో పోతోంది. రూబీ మీద నేను కళ్ళెం వదులుగా పట్టుకుని, ముందున్న లోయ మొత్తం చూస్తూ పోతున్నాను, ఆ గడ్డి పట్టీ చివర తెల్లగా కదిలింది కుక్కేనా, అదిగో ఎడమ వైపు, మళ్ళీ పోయింది. జేబులోంచి థర్మాస్ తీసి కాఫీ కూడా తాగాను. పక్కన మా వాడి పరిస్థితి వేరు. బక్ మామూలు నడకతో వెనకబడతాడు, అందుకోవడానికి ట్రాట్ చేస్తాడు, అందుకున్నాక మళ్ళీ నడుస్తాడు, మళ్ళీ వెనకబడతాడు. ట్రాట్ చేసినప్పుడల్లా మా వాడు రికాబుల మీద లేచి కూర్చోవాలి, లేకపోతే నడుము విరిగేలా ఉంది. లేచి కూర్చోవడం మీద ధ్యాస పెట్టినవాడు కుక్కని ఏం చూస్తాడు? "బావా, కుక్క కనపడుతోందా?" అని అడగడమే వాడి పని అయిపోయింది.

ఫీల్డ్ ట్రయల్ వాళ్ళు వాకర్లనీ, మిస్సోరీ ఫాక్స్ ట్రాటర్లనీ (పేరు అలా ఉన్నా అదీ కుదుపు లేని నడక జాతే) ఎందుకు వెతికి వెతికి కొంటారో నాకు ఆ గంటలో అర్థమైంది. కూర్చోవడానికి హాయి అనేది సగం కారణమే. ఇక్కడ మనిషి చేసే పని చూడటం. జడ్జీ చూడాలి, హ్యాండ్లర్ చూడాలి, స్కౌట్ అందరికంటే ఎక్కువ చూడాలి. ఊగిపోయే తలతో దూరంగా గడ్డిలో నిలబడిన కుక్క తోక కనపడదు. తల నిలకడగా ఉంచే గుర్రం కావాలి.

గంట దాటాక ముందు నుంచి ఒక టోపీ గాల్లోకి లేచింది. "పాయింట్!" అని కేక. అందరం కాంటర్‌లోకి, అంటే నెమ్మది దౌడులోకి మారాం. వాకర్ కాంటర్ చేస్తే ఊయల కుర్చీలా ఉంటుందంటారు, నిజమే. గుట్ట మీదికి వచ్చి చూస్తే కుక్క ఒక పొద పక్కన ఒళ్ళంతా బిగించి నిలబడి ఉంది, తోక ఆకాశానికి నిటారుగా. రెండో కుక్క వెనకనుంచి వచ్చి, మొదటిదాన్ని చూసి, తనూ అక్కడే ఆగిపోయింది, దానికి వాసన తగలకపోయినా సరే. సాటి కుక్క పనిని గౌరవించడం అనమాట, ఆ గౌరవం చూపకుండా ముందుకి దూకితే పోటీలోంచి అవుటే. హ్యాండ్లర్ గుర్రం దిగాడు. గుర్రాన్ని కట్టెయ్యలేదు, పగ్గం నేల మీద వదిలేశాడు, అది తల వంచుకుని అక్కడే ఉంది. కుక్క ముందుకి నడిచి కాళ్ళతో గడ్డిని తన్నాడు. ఒక్కసారిగా బర్రుమని కౌజుల గుంపు లేచింది, ఖాళీ తూటా పేల్చాడు, కుక్క కళ్ళు తప్ప ఏమీ కదల్లేదు. ఒక్క పిట్ట కూడా చావదు ఈ పోటీలో. పిట్ట లేచినా, తుపాకి పేలినా కాలు కదపకూడదు, కదిపితే అంతే సంగతులు.

నేను మాత్రం ఆ హ్యాండ్లర్ గుర్రాన్నే చూస్తూ ఉండిపోయాను. పక్కనే తుపాకి పేలింది, కాళ్ళ మధ్యనుంచి పిట్టలు లేచాయి, కుక్క మెడ పట్టుకుని తెచ్చి దాని ముందే నీళ్ళు తాగించాడు. అది గడ్డి కొరుక్కుంటోంది. అలసిపోయిన కుక్కని జీను మీద అడ్డంగా వేసుకుని పోయినా కిమ్మనకూడదు ఈ గుర్రాలు. నడక పుట్టుకతో వస్తుంది, ఈ ఓపిక మాత్రం మనిషి ఏళ్ళ తరబడి కూర్చుని నేర్పాల్సిందే.

మధ్యాహ్నం ఒంటిగంటకి రెండో జత. వాన. చెప్పడానికేం లేదు. మా వాడు ట్రక్కులోనే ఉండిపోయాడు, దిగలేక.

మంగళవారం

పొద్దున్నే పొగమంచు. జడ్జీలు మొదలుపెట్టడం ఆపేశారు, కనపడకపోతే పోటీ ఏముంది. గుర్రాలకి దుప్పట్లు కప్పి, ట్రక్కుల మధ్య నిలబడి కబుర్లు. ఇది కూడా పోటీలో భాగమే, ఇక్కడ ఉన్నంత మంది కథకులు మన రచ్చబండ మీద కూడా ఉండరు.

ఏమ్స్ ఇంటిని చూసొచ్చాం. తెల్లటి స్తంభాల ఇల్లు, 1847లో జాన్ జోన్స్ అనే పత్తి భూస్వామి కట్టించాడు, అంటే బానిసల చేత. 1901లో మసాచుసెట్స్ నుంచి పారల కంపెనీ యజమాని హోబర్ట్ ఏమ్స్ వచ్చి కొని, చుట్టుపక్కల పొలాలు కలుపుకుంటూ పోయాడు. ఇప్పుడు పద్దెనిమిది వేల ఎకరాల పైమాటే. ఆయన 1945లో పోయాక భార్య జూలియా 1950లో ఫౌండేషన్ పెట్టి, యూనివర్సిటీ ఆఫ్ టెనెసీకి పరిశోధన కోసం ఉపయోగపడేలా ఏర్పాటు చేసింది. పోటీ గెలిచిన కుక్క పేరు ఈ ఇంటి మెట్ల మీద నుంచే చదువుతారు. గొప్ప కుక్క అంటే ఎలా ఉండాలో ఏమ్స్ చెప్పిన కొలతనే ఇప్పటికీ ఏమ్స్ ప్రమాణం అంటారు.

అందమైన చోటే. కానీ ఆ ఎస్టేట్‌లో బానిసలు బతికిన గుడిసెల పునాదులు పురావస్తు శాస్త్రవేత్తలు తవ్వి చూశారనేది కూడా తెలిసి తిరగాలి. టెనెసీ వాకర్‌ని మొదట్లో ప్లాంటేషన్ గుర్రం అనేవారు, రోజంతా చేల గట్ల మధ్య తిరిగి కూలీల మీద అజమాయిషీ చేసే వాడికి నడుం నొప్పి రాకూడదని పెంచిన నడక ఇది. ఆ తర్వాతి కాలంలో దక్షిణాది నల్లజాతి మనుషులే తరతరాలుగా ఈ కుక్కల్నీ గుర్రాల్నీ తీర్చిదిద్దారు, ముఖ్యంగా స్కౌట్లుగా. పాత ఫోటోల్లో మాత్రం కప్పు పట్టుకుని మధ్యలో యజమాని, కుక్కని పట్టుకుని అంచున వాళ్ళు. మ్యూజియంలో ఫోటోలు చూస్తూ మా వాడు ఏమన్నాడంటే, "గిత్తల ఫోటోలో కూడా అంతే కదా బావా, తోలినోడు ఎక్కడుంటాడు?"

పదకొండుకి మంచు విడిచింది. మధ్యాహ్నం జతలో ఒక కుక్క చాలాసేపు కనపడకుండా పోయింది.

అప్పుడు చూశాను స్కౌట్ పని. జడ్జీ తల ఊపగానే పక్కకి కోసుకుపోయాడు, గుర్రాన్ని రన్నింగ్ వాక్‌లో పెట్టి, చెట్ల మధ్య వంగుతూ, ఆ వాగు దిగి, ఈ గట్టెక్కి. నడుము పై భాగం నీళ్ళు నింపిన బిందె మోస్తున్నట్టు నిశ్చలంగా ఉంది. కుక్క ఎక్కడో పొదలో పాయింట్ మీద నిలబడి ఉండవచ్చు, అది మనిషి వచ్చేదాకా కదలదు, కాబట్టి వెతికేవాడు ప్రతి పొదా చూసుకుంటూ, అదే సమయంలో వేగంగా పోవాలి. కుక్కల మెడలకి జీపీఎస్ పట్టీలుంటాయి, కానీ అది చూసుకోవడానికి వీల్లేదు. ఇక కుదరదని హ్యాండ్లర్ ఆ పరికరం అడిగితే కుక్క దొరుకుతుంది, పోటీ మాత్రం అక్కడితో పోయినట్టే. ఆ రోజు హ్యాండ్లర్ చాలాసేపు ఆగి, వాచీ చూసుకుని, చివరికి అడిగాడు. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. ఏడాది పాటు మోసిన ఖర్చూ శ్రమా ఒక్క మాటతో పోవడం చూస్తుంటే మనకే టెన్షన్.

బుధవారం

ఓనరమ్మ పొద్దున్నే రెండో వాకర్ కాలు బాగుందని చెప్పి మా వాడికిచ్చింది. ఎత్తు తక్కువ, ముఖం మీద వంకర తెల్లమచ్చ, చూడ్డానికి బక్ ముందు దిగదుడుపే. మొదటి మైలు దాటేసరికి మా వాడి ముఖం మారింది. రెండు రోజుల్లో మొదటిసారి నాకంటే ముందు కుక్కని వాడు చూశాడు. "అదిగో బావా, కంచె మూల!" అని, మార్షల్ వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా.

వాకర్‌కి కూడా ఇబ్బందులున్నాయి, అవి చెప్పకపోతే అబద్ధమవుతుంది. బురదలో అడుగు లోతుకి దిగితే ఆ సాగే నడక తెగిపోతుంది. కొన్ని గుర్రాలు అలసిపోయినా, కళ్ళెం బిగించినా ఒక పక్క కాళ్ళు రెండూ ఒకేసారి వేసే నడకలోకి జారతాయి, అప్పుడు పక్కలకి ఊగుతుంది, అది ట్రాట్ కంటే ఘోరం. వీపు మీద బరువు వెనక్కి వేసి కూర్చునే వాళ్ళ వల్ల దాని నడుము పాడవుతుంది. ఓనరమ్మ నా వెనక వస్తూ "చెయ్యి వదులు, చెయ్యి వదులు" అని పొద్దుటినుంచి అంటూనే ఉంది. గుర్రాన్ని తల ఊపనివ్వాలి, తల ఊగకపోతే నడక లేదు.

గురువారం

రోజంతా కారు ప్రయాణం. ఓనరమ్మ స్నేహితులు దక్షిణ జార్జియాలో థామస్‌విల్ దగ్గర ఒక ఎస్టేట్‌లో పనిచేస్తారు, పోటీ కాకుండా అసలు వేట చూడాలంటే అక్కడికి పొమ్మంది. బర్మింగ్‌హామ్‌లో భోజనం, పెట్రోల్ బంకులో మిరపకాయ బజ్జీ దొరికితే బాగుండునని మా వాడి గోల, చీకటి పడ్డాక థామస్‌విల్.

శుక్రవారం

ఈ ప్రాంతాన్ని రెడ్ హిల్స్ అంటారు, థామస్‌విల్ నుంచి ఫ్లోరిడాలోని టలహాసీ దాకా. ఏమ్స్‌లో పొలాలూ పొదలూ వాగులూ అయితే ఇక్కడ పొడవాటి సూదుల పైన్ చెట్ల అడవి, చెట్లు దూరదూరంగా, కింద మోకాలెత్తు గడ్డి. గుర్రం మీద కూర్చుంటే అడవి లోపలికి ఎంత దూరమైనా కనపడుతుంది.

అది దానంతటదే అలా లేదు. రెండేళ్ళకోసారి నిప్పు పెట్టి కాలుస్తారు. కాల్చకపోతే ఓక్ లాంటి గట్టి కలప చెట్లు, ముళ్ళకంప అల్లుకుని కౌజులకి తిరగడానికి నేల ఉండదు. అడవికి నిప్పు పెట్టడం పాపమని ప్రభుత్వం ప్రచారం చేస్తున్న రోజుల్లో, 1924 నుంచి ఈ ఎస్టేట్లలో కౌజుల మీద పరిశోధన చేసిన హెర్బర్ట్ స్టాడర్డ్, కాల్చకపోతేనే పిట్టలు పోతాయని చెప్పి మాటలు పడ్డాడు. 1958లో ఇక్కడే టాల్ టింబర్స్ పరిశోధన కేంద్రం పెట్టారు, నిప్పు గురించి చదువుకోవాలంటే ఇప్పుడు అందరూ చూసేది ఇటే. అమెరికాలో మిగతా చోట్ల ఈ బాబ్‌వైట్ జాతి కౌజు బాగా తగ్గిపోయింది, గట్లు, పొదలు లేకుండా చేలు శుభ్రం చేసెయ్యడం దానికి పెద్ద కారణం. పిట్టల్ని కాల్చడానికి ఉంచుకున్న నేలలోనే పిట్టలు మిగలడం ఏం విచిత్రమో గానీ, మన దగ్గర వేట నిషేధించిన 1972 చట్టం మంచిదనే నమ్ముతూ పెరిగిన నాకు ఇది జీర్ణం కావడానికి కొంచెం సమయం పట్టింది. చట్టం మంచిదే. నేల కూడా మిగలాలి కదా.

వేట తీరు ఇలా ఉంటుంది. మధ్యలో రెండు కంచరగాడిదలు లాగే బండి, దానికి రబ్బరు టైర్లు, సీట్ల కింద కుక్కల పెట్టెలు, ముందు సీట్లో ఒక లాబ్రడార్ పెద్దమనిషిలా కూర్చుని. బండికి రెండు వైపులా గుర్రాల మీద కుక్కల్ని చూసేవాళ్ళు. వెనక వేటగాళ్ళు, మేము. గుర్రాలన్నీ వాకర్లూ వాటి బంధువులే. తుపాకులు జీను పక్కన తోలు సంచుల్లో, తూటాలు లేకుండా. గుర్రం మీద ఉండగా తూటా ఎక్కించకూడదన్నది ఇక్కడ దేవుడి ఆజ్ఞ లాంటిది.

పోటీలో ఉన్న పరుగు ఇక్కడ లేదు. కుక్కలు దగ్గరగా తిరుగుతాయి, బండి నెమ్మదిగా పోతుంది, గుర్రాలు ఫ్లాట్ వాక్ కంటే కూడా తక్కువ వేగంతో. ఇంత నెమ్మదికి వాకర్ ఎందుకనుకున్నాను. మధ్యాహ్నానికి తెలిసింది. వేటలో గంటకి పది పదిహేనుసార్లు ఆగాలి, కదలాలి, పాయింట్ అనగానే చప్పుడు చేయకుండా వేగం పెంచాలి, మళ్ళీ ఠక్కున ఆగాలి. ఇవన్నీ కుదుపు లేకుండా, ఒకే నడకలో గేరు మార్చినట్టు చేస్తుంది ఈ గుర్రం. డెబ్బై ఏళ్ళు దాటిన వేటగాడొకాయన మోకాళ్ళకి ఆపరేషన్ అయిందట, వాకర్ లేకపోతే పదేళ్ళ కిందటే ఇంట్లో కూర్చునేవాణ్ణన్నాడు.

కుక్క నిలబడ్డప్పుడు ఇద్దరే దిగుతారు. గుర్రాల్ని ఇంకొకరు పట్టుకుంటారు. ఇద్దరూ తూటాలు వేసుకుని కుక్కకి రెండు పక్కలా నడుస్తారు, లాబ్రడార్‌ని గడ్డిలోకి పంపుతారు, పిట్టలు లేస్తాయి. ఇక్కడ మాత్రం నిజం తూటాలు. ఒక గుంపులోంచి ఒకటో రెండో తీసుకుని మిగతావాటి వెంట పడకుండా వదిలేస్తారు. జార్జియాలో మనిషికి రోజుకి పన్నెండు దాకా అనుమతి ఉన్నా ఆ రోజు ఎవరూ దాని దరిదాపుల్లోకి పోలేదు. మా వాడిని కాలుస్తావా అని అడిగారు. వద్దన్నాడు, వాడు ఆ రోజంతా గుర్రాలు పట్టుకునే పనిలోనే ఉన్నాడు, ఆరు పగ్గాలు చేతిలో పట్టుకుని తుపాకి పేలినప్పుడు ఏ గుర్రం చెవి ఎటు తిప్పుతోందో గమనిస్తూ. నల్లటి ఆడగుర్రం ఒకటి పిట్టలు లేవకముందే కుక్క వైపు చెవులు నిలబెట్టి చూస్తోందని, దానికి పాయింట్ అంటే ఏమిటో తెలుసని వాడి వాదన. బండివాడు అది నిజమేనన్నాడు, అది ఆగితే నేనూ బండి ఆపేస్తానని.

శనివారం

బయల్దేరేముందు ఎస్టేట్ వాళ్ళు శుభ్రం చేసిన పిట్టలు కొన్ని ఐసు పెట్టెలో పెట్టిచ్చారు. చీకటి పడ్డాక కోలియర్‌విల్ చేరాం. మా ఆవిడ అల్లంవెల్లుల్లి, మిరియాలు, కరివేపాకు వేసి వేపుడు చేసింది, చిన్న సీసపు గుళ్ళు ఉంటాయేమో చూసి నమలమని ముందే చెప్పాను. ఫామ్‌లో పెంచిన కౌజులకీ వీటికీ పోలికే లేదు, మాంసం ముదురు రంగు, కొంచెం అడవి రుచి.

భోజనాల దగ్గర మా వాడు ఫోన్‌లో అమ్మకానికున్న వాకర్లని చూస్తున్నాడు. నాష్‌విల్‌లో వాడు ఉండేది మూడో అంతస్తు అపార్ట్‌మెంట్. "గుర్రం ఎక్కడ కడతావురా?" అంటే, "ముందు లూయిస్‌బర్గ్ వైపు రెండెకరాలు చూడాలి బావా" అన్నాడు. వాళ్ళక్క పళ్ళెం లాక్కుంది. ఏమ్స్‌లో పోటీ ఆ తర్వాతి వారం ముగిసింది, ఓనరమ్మ ఫోన్ చేసి చెప్పింది. గెలిచిన కుక్క మేం చూసిన జతల్లో లేదు.